రోజూ రాసుకోవడానికి పాత ఫౌంటెన్ పెన్ను: ఇంకు నింపే పద్ధతి చూసి కొనండి

మీరు అడిగినవి మూడు. తక్కువ ఖర్చులో దొరికే పాత ఫౌంటెన్ పెన్ను రోజువారీ నోట్సుకు పనికొస్తుందా, పార్కర్ 51 అనే పేరుమోసిన పాత మోడలు తప్ప మిగతావన్నీ దండగ అంటున్నారు అది నిజమేనా, రిపేరు మీ చేత అవుతుందా. మీ అక్షరాలు బాగా చిన్నవని, పెన్ను కారుతుందేమోనని కూడా రాశారు. రెండూ ముఖ్యమైన సంగతులే, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

పనికొస్తుంది. 51 అక్కర్లేదు. రిపేరు మాత్రం మీరు ఎలాంటి పెన్ను కొంటారన్న దాన్నిబట్టి ఉంటుంది. అందుకే ఎవరడిగినా నేను ఒకటే చెబుతాను: కంపెనీ పేరు, బంగారు పాళీ, రంగు, ఇవన్నీ తర్వాత. ముందు ఆ పెన్ను ఇంకు ఎలా తాగుతుందో చూడండి. యాభై అరవై ఏళ్ల పెన్నులో పాళీ చాలావరకు బాగానే ఉంటుంది. చెడిపోయేది లోపలున్న రబ్బరు. ఆ రబ్బరు మార్చడం సులువైన పెన్ను కొంటే మీరు హాయిగా రాసుకుంటారు. కష్టమైనది కొంటే అది డ్రాయరులో పడుంటుంది.

చవక పెన్నంటే నాసిరకం అన్న అనుమానం ముందు పోవాలి. 1945లో న్యూయార్క్‌లోని గింబెల్స్ స్టోరులో రేనాల్డ్స్ బాల్ పెన్నులు అమ్మకానికి వచ్చాయి. అంతవరకూ, ఆ తర్వాత ఇంకొన్నేళ్లు కూడా, గుమాస్తా లెక్కలు రాసినా, విద్యార్థి పరీక్ష రాసినా, స్టెనో డిక్టేషన్ తీసుకున్నా చాలావరకు ఫౌంటెన్ పెన్నుతోనే. అది రోజుకు ఎనిమిది గంటలు రాయాల్సిన పనిముట్టు. రాయకపోతే దాన్ని ఎవరూ కొనరు. అలాంటివి లక్షల్లో తయారయ్యాయి, లక్షల్లో మిగిలాయి, అందుకే ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి. అరుదైన రంగులకూ, బంగారు రేకు తొడిగిన మూతలకూ పోటీ పడేది సేకరించేవాళ్లు. రాసుకునేవాళ్లకు ఆ పోటీతో పనిలేదు.

బంగారు పాళీ మీద కూడా అపోహ ఉంది. కాగితాన్ని తాకేది బంగారం కాదు, పాళీ కొసన అతికించిన గట్టి లోహపు బొట్టు. బంగారు పాళీకైనా స్టీలు పాళీకైనా రాత జారుగా ఉందా, గీరుకుంటోందా అన్నది ఆ బొట్టును ఎంత బాగా అరగదీశారు, రెండు చీలికలూ సమంగా ఉన్నాయా అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. పూర్వం బంగారం వాడటానికి అసలు కారణం ఆనాటి ఇంకుల్లోని ఆమ్లానికి అది తుప్పు పట్టకపోవడం. వంగే గుణం పాళీ ఆకారాన్ని, మందాన్ని బట్టి వస్తుంది. మేకులా గట్టిగా ఉండే బంగారు పాళీలు ఎన్నో ఉన్నాయి.

ఇక అసలు విషయం, ఇంకు నింపే పద్ధతులు.

అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది మీట పెన్ను. పెన్ను ఒంటికి ఒక పక్క చిన్న మీట ఉంటుంది. దాన్ని పైకి లేపితే లోపలి లోహపు పట్టీ రబ్బరు తిత్తిని నొక్కుతుంది, వదిలితే తిత్తి ఉబ్బి ఇంకు పీల్చుకుంటుంది. వాల్టర్ షేఫర్ 1908లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది. తర్వాత అనేక కంపెనీలు దీన్నే రకరకాలుగా వాడుకున్నాయి. తిత్తి లేటెక్సుది కాబట్టి కొన్ని దశాబ్దాలకు గట్టిపడి పెంకులా విరుగుతుంది, లేదా జిగురుగా కరిగిపోతుంది. కొత్త తిత్తి మాత్రం ఇప్పటికీ తయారవుతోంది, ధరా తక్కువే, మార్చడమూ ఒక సాయంత్రం పని. ఒక్క జాగ్రత్త. తిత్తి మార్చారో లేదో తెలియని పెన్ను చేతికి వస్తే మీటను అసలు కదపకండి. లోపల గట్టిపడ్డ తిత్తి ఉంటే మీట విరుగుతుంది, లేదా ఒరను, అంటే పెన్ను ఒంటి గొట్టాన్ని, చీల్చుకుని వస్తుంది. తిత్తి చవకే కానీ చీలిన ఒరకు మందు లేదు.

రెండోది, పార్కర్ వాళ్లు ఏరోమెట్రిక్ అన్న పేరుతో 1948 నుంచి 51లో పెట్టిన పద్ధతి. ఒర విప్పితే లోహపు తొడుగులో మెత్తటి తిత్తి, దాని మీద నొక్కే పట్టీ. ఆ తిత్తి లేటెక్సు కాదు, పీవీసీ రకం ప్లాస్టిక్. దానికి చావు లేదన్నట్టే ఉంటుంది. డెబ్బై ఏళ్ల పెన్నుల్లో అసలు తిత్తే ఇప్పటికీ పనిచేస్తున్నవి బోలెడు. నీళ్లతో కడిగి, నిదానంగా ఐదారు సార్లు నొక్కి ఇంకు నింపితే చాలు. 51కి వచ్చిన కీర్తిలో పాళీని కప్పేసిన ఆ ముక్కుకు ఎంత వాటా ఉందో ఈ తిత్తికీ అంత ఉందని నా అభిప్రాయం. దీని తమ్ముడు పార్కర్ 21, అదీ 1948లోనే వచ్చింది. స్టీలు పాళీ, ధర తక్కువ, రాత ఏమాత్రం తీసిపోదు. కానీ పాళీ మీది కప్పు నాణ్యత తక్కువ ప్లాస్టిక్, పగుళ్లు వస్తాయి. పగుళ్లు లేని 21 దొరికితే వదలకండి. ఫొటోలో ముక్కు స్పష్టంగా కనబడకపోతే దాని జోలికి పోకండి.

మూడోది కార్ట్రిడ్జ్ పెన్నులు, అంటే ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టం పెట్టుకునేవి. పాతవాటిలో ఇంతకన్నా బాధ లేనివి లేవు. 1960లో వచ్చిన పార్కర్ 45 తీసుకోండి. ఇప్పుడు దుకాణంలో దొరికే పార్కర్ కార్ట్రిడ్జ్, దాని బదులు పెట్టి సీసా ఇంకు నింపుకునే కన్వర్టర్ దానికి సరిపోతాయి. పాళీ భాగం మొత్తం మరలాగా తిప్పితే ఊడి వస్తుంది, కడిగి బిగించుకోవచ్చు, నచ్చకపోతే వేరే వెడల్పు పాళీ పెట్టుకోవచ్చు. సన్నగా, తేలికగా, పెద్ద అందమేమీ లేకుండా ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ ముచ్చటపడరు, అదీ మంచిదే, టేబుల్ మీద వదిలేసి వెళ్లినా ఎవరూ ఎత్తుకుపోరు. షేఫర్ వాళ్ల స్కూలు పెన్నులు కూడా ఈ కోవలోవే. రంగురంగుల ప్లాస్టిక్ ఒర, చిన్న స్టీలు పాళీ. వాటికి షేఫర్ కార్ట్రిడ్జే కావాలి, ఒర ఇరుకు కాబట్టి కన్వర్టర్ అన్నిటికీ పట్టదు. ఖాళీ కార్ట్రిడ్జ్‌లోకి సిరంజీతో సీసా ఇంకు ఎక్కించుకోవడం తేలిక, నేను చేసేది అదే.

నాలుగోది పిస్టన్. పెలికాన్ 1929 నుంచి చేస్తున్న పద్ధతి. వెనక మర తిప్పితే ఇంకు వస్తుంది, చాలా పడుతుంది. యుద్ధానికి ముందటి వాటిలో సీలు కార్కుది, ఎండిపోయి ఉంటుంది. తర్వాతి ప్లాస్టిక్ సీలు ఉన్నవైతే చాలాసార్లు కడిగి, కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తే కదులుతాయి. బిగుసుకున్న పిస్టన్‌ను బలంగా తిప్పడం మాత్రం వద్దు, పాళీ వైపు మాత్రం రెండు మూడు రోజులు నీళ్లలో నాననిచ్చి మళ్లీ చూడండి.

మొదటి పెన్నుగా వద్దనేవి రెండున్నాయి. ఒకటి పార్కర్ వాక్యుమాటిక్. 51లో 1948కి ముందు వచ్చినవి కూడా ఇవే. లోపల పల్చటి రబ్బరు పొర ఉంటుంది, దాన్ని మార్చడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. రెండోది 1952లో వచ్చిన షేఫర్ స్నోర్కెల్. వెనక మర తిప్పితే పాళీ కింద నుంచి సన్నటి గొట్టం బయటికి వస్తుంది, పాళీని ఇంకులో ముంచకుండానే నింపుకోవచ్చు. చూస్తే భలే సరదాగా ఉంటుంది. కానీ ఆ సరదా వెనక ఒక తిత్తి, పలు సీళ్లు, ఒక స్ప్రింగు ఉన్నాయి. రిపేరు చేసిచ్చే మనిషి తెలిస్తే తప్ప దాని దగ్గరికి పోవద్దు.

ఇవన్నీ తూచి చూస్తే, చేత్తో కాస్త పని నేర్చుకోవడానికి సిద్ధపడేవాళ్లకు నేను చెప్పేది ఎస్టర్‌బ్రుక్ జె. 1858లో మొదలై స్టీలు పాళీలకు పేరు తెచ్చుకున్న కంపెనీ అది. 1940ల మధ్య నుంచి వచ్చిన ఈ జె రకం మీట పెన్ను ఆఫీసుల్లో, స్కూళ్లలో అరిగిపోయేదాకా వాడినది. ఒర మందంగా, తళతళలాడే ప్లాస్టిక్‌తో, మీట స్టీలుతో ఉంటుంది. దీని గొప్పతనం పాళీలో ఉంది. పాళీ, దాని కింద ఇంకు తెచ్చే ఫీడ్, రెండూ కలిపి ఒక మర ముక్క. వేళ్లతో తిప్పి ఊడదీసి ఇంకోటి బిగించుకోవచ్చు. పాళీ మీద నాలుగంకెల నంబరు ఉంటుంది, రకాన్ని అదే చెబుతుంది. 9556 సన్నం, 9668 మధ్యరకం, 9550 ఇంకా సన్నం, పద్దులు రాసేవాళ్ల కోసం. 9555 గ్రెగ్ షార్ట్‌హ్యాండు రాసేవాళ్లకు. 9128 సన్నగా మొదలై నొక్కితే వెడల్పయ్యే రకం. 9460 కార్బన్ కాపీల కోసం చేసిన మొండి పాళీ, ఎంత నొక్కినా వంగదు. చేయి బరువుగా వేసి రాసే అలవాటున్నవాళ్లకు ఇప్పటికీ అదే మంచిది.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. 9తో మొదలయ్యే పాళీలకు కొసన గట్టి లోహపు బొట్టు ఉంటుంది. 1తో, 2తో మొదలయ్యే వాటికి ఆ బొట్టు లేదు, స్టీలునే కొసన మలిచారు. అందుకే అవి చవక, త్వరగా అరుగుతాయి, పాత యజమాని చేతివాటానికి అరిగి ఉంటాయి. కొనేటప్పుడు 9 వరసే అడగండి. ఇంగ్లండ్‌లో స్కూలు పిల్లల కోసం ఆస్మిరాయిడ్ కంపెనీ చేసిన మర పాళీలు కూడా ఈ పెన్నుకు సరిపోతాయి, వాటిలో కొస పలకగా ఉండే ఇటాలిక్ రకాలు బాగుంటాయి.

తిత్తి మార్చడం ఎలాగో కాస్త వివరంగా చెబుతాను, మీ భయం దాని గురించే కాబట్టి. ముందు పాళీ మర విప్పి పక్కన పెట్టండి. పాళీ బిగించే పట్టు భాగం ఒరలోకి దిగిన చోట హెయిర్ డ్రయ్యర్ గాలి తగలనివ్వండి, పెన్నును తిప్పుతూ ఉండాలి. వేలు పెడితే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. అక్కడ అంటించిన షెల్లాక్ అనే లక్క జిగురు ఆ వేడికి మెత్తబడుతుంది. పట్టును అటూ ఇటూ కొంచెం కొంచెం కదిలిస్తూ లాగండి. రాకపోతే మళ్లీ వేడి చేయండి, బలం పెంచకండి. ఊడి వచ్చాక ఒరను తలకిందులు చేసి తడితే పాత తిత్తి నల్లటి పెంకులుగా రాలుతుంది. మిగిలింది పుల్లతో గీకి తీయండి. లోపలి పట్టీ తుప్పు పట్టి విరిగి ఉంటే అదీ కొత్తది దొరుకుతుంది.

తిత్తులకు నంబర్లుంటాయి. ఆ నంబరు అంగుళంలో అరవై నాలుగో వంతుల లెక్కన తిత్తి అడ్డకొలత. జె పెన్నుకు 16 నంబరు, అంటే సరిగ్గా పావు అంగుళం. తిత్తిని ఒర చివరికంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా కత్తిరించండి. పొడవైతే చివర మడతపడి ఇంకు సగమే పడుతుంది. పట్టు భాగానికి వెనకుండే సన్నటి గొట్టాన్ని శుభ్రంగా గీకి, పల్చగా షెల్లాక్ రాసి, తిత్తి నోరు సాగదీసి ఎక్కించండి. వంకర లేకుండా చూసుకుని రాత్రంతా ఆరనివ్వండి. తెల్లారాక తిత్తికి వాసన లేని శుద్ధమైన టాల్క్ పొడి అద్ది ఒరలోకి దించండి, పట్టీ మీట వైపు ఉండాలి. సూపర్‌గ్లూ వాడేవాళ్లను చూశాను. వాళ్ల తర్వాత ఆ పెన్నును విప్పాల్సి వచ్చినవాడి కష్టం ఎవరికీ వద్దు. షెల్లాక్ గొప్పతనమే వేడికి మళ్లీ వదలడం.

కొనేటప్పుడు ఫొటోల్లో చూడాల్సింది మూత అంచు. సన్నటి నిలువు పగులు ఎక్కువగా అక్కడే ఉంటుంది. తర్వాత పాళీ కొసను పక్క నుంచి, ఎదురు నుంచి తీసిన ఫొటోలు అడగండి. కొసన బొట్టు రెండు చీలికలకూ ఉండాలి. ఒకవైపు ఊడిపోయి ఉంటే ఆ పాళీ పని అయిపోయినట్టే. ఇంకు మరకలు చూసి వెనకాడకండి, ఇంకు మరక ఉందంటే ఆ పెన్ను రాసిందన్నమాట. మెరుగు పెట్టి తళతళలాడించిన పెన్ను మీదే నాకు అనుమానం ఎక్కువ, ఒర మీది అక్షరాలు అరిగిపోయేలా రుద్దేస్తారు. ‘పరీక్షించలేదు’ అని రాసి ఉంటే పనిచేయదనే లెక్క కట్టి ధర మాట్లాడండి. ఒర మీద ఎవరిదో పేరు చెక్కి ఉన్న పెన్నులను సేకరించేవాళ్లు ముట్టుకోరు, అదే మోడలు అందుకే తక్కువకు వస్తుంది. రాతకు ఆ పేరు అడ్డం రాదు.

పెన్ను వచ్చాక మొదట గోరువెచ్చని నీళ్లు కూడా కాదు, మామూలు చన్నీళ్లు. పాళీ వరకు మాత్రమే ముంచి ఉంచండి, మొత్తం పెన్నును నానబెట్టొద్దు. ఎండిన ఇంకు వదలకపోతే నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు, ఇంకా మొండికేస్తే పది వంతుల నీళ్లకు ఒక వంతు అమ్మోనియా. స్పిరిట్, ఎసిటోన్ దగ్గరికి రానివ్వొద్దు. పాత ఒరల్లోని సెల్యులాయిడ్ ప్లాస్టిక్‌ను అవి కరిగిస్తాయి, స్పిరిట్ షెల్లాక్‌ను కూడా వదిలిస్తుంది. ఎబొనైట్ అనే నల్లటి గట్టి రబ్బరు ఒరలను నీళ్లలో ఉంచితే గోధుమ రంగుకు తిరుగుతాయి, కేసీన్ అనే పాల ప్లాస్టిక్‌తో చేసినవైతే ఉబ్బి పాడైపోతాయి.

గీరుకుంటోందంటే వెంటనే గరుకు కాగితం పట్టుకోకండి. పదింతలు చూపించే భూతద్దంతో పాళీని ఎదురుగా చూడండి. చాలాసార్లు ఒక చీలిక పైకి, ఒకటి కిందికి ఉంటుంది. పైకి లేచిన దాన్ని గోటితో కొంచెం కిందికి నొక్కి, మళ్లీ చూసి, మళ్లీ నొక్కి సమం చేస్తే నూటికి తొంభై పాళ్లు అక్కడితో సరి. మన లిపి దీనికి మంచి పరీక్ష. ‘ఠ’, ‘శ్రీ’, ‘క్ష’ ఒక వరస రాయండి. చేయి అన్ని వైపులకూ తిరుగుతుంది కాబట్టి పాళీ ఏ దిశలో పట్టుకుంటోందో వెంటనే తెలిసిపోతుంది. ఒక పక్కకు గీసే గీతలో గీరుకుని, ఎదురు పక్కకు గీసే గీతలో జారుతుంటే సాధారణంగా చీలికల ఎగుడుదిగుడే కారణం.

మీ చిన్న అక్షరాల సంగతికి వస్తే, మధ్యరకం పాళీతో తెలుగు చిన్నగా రాస్తే వత్తులూ సున్నాలూ పూడుకుపోతాయి. 9556 లేదా 9550 చూడండి. ఇంకా సన్నం కావాలంటే 1960లు, 70ల నాటి జపాను జేబు పెన్నులు. మూత పొడవుగా, ఒళ్లు పొట్టిగా ఉంటుంది. మూత వెనక తగిలిస్తే మామూలు పెన్నంత అవుతుంది. వీటిలో చిన్న బంగారు పాళీలు ఎక్కువ, జపాను వాళ్ల సన్నం మిగతావాళ్ల సన్నం కంటే ఒక మెట్టు సన్నం. పైలట్ పాళీ మీద తయారైన నెల, సంవత్సరం అంకెలుంటాయి, 374 అని ఉంటే 1974 మార్చి. ప్లాటినం రకం కొంటే నేటి ప్లాటినం కార్ట్రిడ్జ్ సరిపోతుంది, అందుకని జపాను పెన్నుల్లో మొదటిది అదే తీసుకోమంటాను.

ఇంకు గురించి ఎక్కువ చెప్పను. పార్కర్ వాళ్ల క్వింక్ ఇంకు 1931 నుంచి వస్తోంది, పెలికాన్ 4001, వాటర్‌మన్ ఇంకులు కూడా పాత పెన్నులకు నమ్మకమైనవి. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు, మెరుపు పొడి కలిపినవి పోయకండి, ఫీడ్ పూడుకుపోతుంది. స్టీలు పాళీకి ఐరన్ గాల్ రకం, అంటే ఇనుప లవణం, ఆమ్లం ఉండే ఇంకు వద్దు.

కారుతుందేమో అన్నారు. తిత్తి బాగుంటే ఊరికే కారదు. తిత్తిలో ఇంకు అడుగంటినప్పుడు చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకును బయటికి తోస్తుంది, అప్పుడే పాళీ నుంచి బొట్టు పడేది. సగం అయ్యాక నింపేసుకుంటే ఆ బాధ ఉండదు. జేబులో పాళీ పైకి ఉండేలా పెట్టుకోండి. విమానం ఎక్కేటప్పుడు పూర్తిగా నింపండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి. నెల రోజులు వాడను అనిపిస్తే కడిగి ఆరబెట్టండి. పాత పెన్నుల్లో సగం రోగాలు ఎవరో ఇంకుతో సహా మూతపెట్టి మర్చిపోవడం వల్ల వచ్చినవే.

మీ పరిస్థితికి నేనైతే ఇలా చేస్తాను. ఇప్పుడు ఒక పార్కర్ 45 కొని రేపటి నుంచే రాయడం మొదలుపెట్టండి. పక్కన ఒక ఎస్టర్‌బ్రుక్ జె, తిత్తి మార్చనిది, పేరు చెక్కి ఉన్నదైనా సరే, 9556 పాళీతో తీసుకోండి. 16 నంబరు తిత్తులు రెండు, చిన్న సీసాడు షెల్లాక్ కూడా అప్పుడే తెప్పించుకోండి. విప్పే ముందు పట్టు భాగం ఫొటో ఒకటి తీసి పెట్టండి, ఎక్కడైనా ఆగిపోతే దాన్ని చూసి చెబుతాను.